గోడకుర్చీ

“దిగకు, దిగకు! ఇంకొంచెంసేపు,” అంది శోభ.

కోరుట్లలో ల్యాబు పక్క సందు. గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడ్డాడు రవీందర్. తొడలు గజగజ వణుకుతున్నాయి. చెమట కళ్లలోకి దిగుతోంది.

సైకిల్ మీద పోతున్న ముసలాయన ఆగాడు. “ఏం తప్పు జేసినవ్ కొడుకా? నీ పెండ్లాం గోడకుర్చీ ఏపిచ్చింది?”

“దుబాయ్ పోతనన్న తాతా,” అన్నాడు రవీందర్ పళ్లు బిగించి.

సిరిసిల్లలో అతను బట్ట నేసే సాంచాలు బందై నెలలైంది. దుబాయ్‌లో కొలువు దొరికితే బీపీ అడ్డం పడింది. ఈ ల్యాబులో పాసైతేనే ఏజెంటు జానీమియా పాస్‌పోర్టు ముందుకు పంపుతాడు. ఇప్పటికి రెండుసార్లు ఫెయిల్. ఇవ్వాళ తప్పితే ఇంక లేదు.

సిరిసిల్ల డాక్టరమ్మ మందుగోళీలతో పాటు వ్యాయామం చెప్పిన నాటినుంచి శోభ అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. పొద్దున మానేరు కట్టమీద జోరు నడక. సాయంత్రం సైకిల్. నీళ్ల డబ్బాలు ఎత్తడం, దించడం. గోడకుర్చీ సరేసరి. పరీక్షకు పోయేముందు కూడా ఓ విడత వెయ్యాల్సిందేనని ఆమె పట్టు.

“నన్ను ఇమానం ఎక్కిచ్చేదాక నీకు నిద్రపట్టదా?” అని కసిరితే, “మాటలొద్దు, నడువు,” అనేది.

రవీందర్ అన్న సారయ్య అదే దుబాయ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ పెట్టె చూసి కూడా ఇది ఒక్కసారైనా ‘పోవద్దు’ అనదేం? పోక తప్పదు, నిజమే. ఆ ఒక్క మాట అంటే దీని సొమ్మేం పోయింది? లోపల్లోపలే ఉడికిపోయేవాడు రవీందర్.

ల్యాబులోంచి పేరు పిలిచారు.

“ఉరుకు, ఉరుకు!” శోభ అతన్ని మెట్లమీదికి తోసింది.

చేతికి పట్టీ బిగించిన ల్యాబతను అంకె చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇగ నాతోని కాదు భాయ్,” అన్నాడు బయట కాచుకున్న జానీమియా. “గా కొలువుకు ఇంకోన్ని తోలుతున్న.”

రవీందర్ విసురుగా తిరుగు బస్సెక్కాడు. సిరిసిల్లలో దిగాక భగ్గుమన్నాడు.

“డాక్టరమ్మనే అడుగుత. గా కసరత్తులు చెప్పి నా బతుకు ఆగం జేసింది!”

“ఆమెతోని పంచాతేంది? ఇంటికి పోదాం పా.” శోభ చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని ఆస్పత్రికి నడిచాడు. ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

డాక్టరమ్మ పట్టీ కట్టి చూసింది. “మంచిగనే ఉందయ్యా. కసరత్తు బాగ పనిజేసింది.”

“మరి కోరుట్లల ఎట్ల పెరిగింది మేడం? మూడుసార్లూ ఫెయిలే! సందుల గోడకుర్చీ ఏసి, ఉరుక్కుంట పోయి చూపిచ్చుకున్న గద!”

“ఉరుక్కుంటనా? కసరత్తు జేసిన ఎంబడే చూస్తే ఎక్కువ చూపిస్తది. అర్ధగంట కదలకుంట కూసోని చూపిచ్చుకోవాలె. మొదటి రోజే చెప్పిన.”

“నాకెవలు జెప్పలే!”

డాక్టరమ్మ ఆశ్చర్యంగా గుమ్మం వైపు చూసింది.

“శోభ రెండుసార్లు అడిగి తెలుసుకున్నది.”