నీలం పడిందా?

"నీలం అందరికీ పడదమ్మా. ఓ రాత్రి తలకింద పెట్టుకుని చూడు. పీడకల రాకపోతేనే వేలికి తొడుక్కో," అంది అత్తగారు. పోయిన భర్త ఆత్రేయ నీలం ఉంగరాన్ని మైథిలి గుడ్డలో ముడేసి దిండు కింద పెట్టుకుంది.

తిరువూరు స్టాండులో ఆఖరి బస్సు చప్పుడు కూడా అణిగింది. నిద్రలో, మంచం పట్టె మీద టక్ టక్‌మని వినిపించింది. తను మంచమంతా ఆక్రమిస్తే ఆత్రేయ ఉంగరంతో అలాగే కొట్టేవాడు, జరగమని. అలవాటుగా గోడవైపు జరిగింది. పక్కన పరుపు మెల్లగా కుంగింది.

మెలకువ వచ్చినా కళ్ళు తెరవలేదు. దిండు కింద తడిమితే ముడి విప్పి ఉంది. ఉంగరం లేదు.

"ఏమ్మా, పీడకల గానీ వచ్చిందా?" పక్కగదిలోంచి అత్తగారు అడిగింది.

"లేదత్తయ్యా. పడింది," అంది మైథిలి, ఇంకాస్త చోటిస్తూ.