నెమలి పాఠము, ఎండ్రకాయ పాఠము

రూపములకు ప్రాణము పోయు శారదాంబకు మ్రొక్కి, బిడ్డకు చిత్రలేఖనము నేర్పింపగోరిన యొక కుందేటితల్లి కథను వినిపించెదను.

ఏటియొడ్డున దూర్వ యను కుందేలు, నక్కల భయముచేత తన కూన చిటికను బొరియయందే చదివించుచుండెను. బొమ్మలు నేర్పుటకు ఏ పద్ధతి మేలని యామె విచారించుచుండగా నెమలి వచ్చి, "నా బొమ్మనే దిద్దించుము చెల్లీ! పదినాళ్లలో అడవియంతయు మెచ్చును" అనెను.

"నా పాఠము ఆలస్యము తల్లీ. ముందు చూచుట, తరువాత గీయుట" అనెను ముసలి ఎండ్రకాయ.

"తిన్నగా నడువలేవు, తిన్నని గీత నేర్పెదవా!" అని నెమలి నవ్వెను.

దూర్వ నెమలి పాఠమునే యెన్నుకొనెను. పదవనాటికి చిటిక కన్నులు మూసికొని ఇసుకపై నెమలిని గీయగలిగెను.

ఒకనాటి ఉదయము చిటిక పరుగున వచ్చి, "అమ్మా, వాకిట ఏదో అడుగుజాడ! గాలికి చెరిగిపోయినది" అనెను. గీసి చూపుమనగా చక్కని నెమలిపాదమును గీసెను.

"నెమలియన్నయే కదా!" అని దూర్వ మేతకు బయలుదేరెను.

ఎండ్రకాయ అడ్డము వచ్చి, "నెమలి నేడు చెట్టే దిగలేదు తల్లీ. నాయనా, నేర్చినది కాదు, చూచినది గీయుము. వ్రేళ్లెన్ని? గోళ్లు కనబడెనా?" అనెను.

చిటిక చాలసేపు తలచుకొని నాలుగు గుండ్రని గుర్తులను, వాని ముందు నాలుగు గోళ్లను వంకరటింకరగా గీసెను.

"నక్క!" అని దూర్వ కూనతో దూరపు పొదలోనికి పరుగెత్తెను.

మరునాడు ఎండ్రకాయ వారిని వెదకుకొని రాగా, "తాతా, ఆలస్యమైనను నీ పాఠమే మాకు కావలెను" అనెను దూర్వ.

"మొదటి పాఠము నిన్ననే ముగిసినది కదమ్మా!"

ఈ కథ విన్నవారి బిడ్డల కన్నులు చూచుటయందును, వ్రేళ్లు గీయుటయందును ఎన్నడును అలయకుండుగాక!