మొదట కనబడిన కోడ్

ఫ్రిజ్ కుయ్ కుయ్‌మని మోగుతోంది. తలుపు మీద ఎర్రగా ఏదో అక్షరం, దాని పక్కన ఓ అంకె ఆరుతూ వెలుగుతున్నాయి.

లెక్కల టీచరుకు ఆ మోత నెత్తిన సుత్తితో కొట్టినట్టుంది. అసలే బడికి ఆలస్యమవుతోంది. ఏ అంకె వెలుగుతోందో కూడా చూడకుండా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది.

మోత ఆగింది. హమ్మయ్య అనుకుంది.

పావుగంటలో మళ్లీ మొదలైంది. ఈసారి ఎఫ్ వన్ అని కనబడింది. తలుపు తీసి చెయ్యి పెడితే లోపల చల్లదనమే లేదు.

పై అరలో మూడు ఇన్సులిన్ సీసాలున్నాయి. ఎనిమిదేళ్ల కూతురికి పూటపూటా అదే ఆధారం.

కంపెనీకి ఫోన్ చేస్తే ఓ పెద్దాయన ఎత్తాడు. తొణకని బెణకని గొంతు. లోపల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందా అని అడిగాడు. వెనక గోడకు జానెడు ఎడముందా అని అడిగాడు. పైన ఫ్రీజర్‌లో మంచు గట్టిగానే ఉందా అన్నాడు.

పిల్లల్ని ప్రశ్నలడగడం ఆవిడ వృత్తే గాని, తనను ఎవరైనా అడిగితే ఒళ్లు మండుతుంది.

“ప్లగ్గు తీయకముందు ఏ కోడ్ కనబడిందమ్మా? అసలు జబ్బు చెప్పేది అదే. తర్వాత వచ్చేదాన్ని నమ్మడానికి లేదు.”

“నేను చూసుకోలేదండీ. ఇక్కడ మా పాప ఇన్సులిన్ పాడైపోతుంటే మీరు నాకు పరీక్ష పెడుతున్నారు. మెకానిక్‌ని పంపండి, చాలు.”

“పంపిస్తానమ్మా. ముందు ఆ మందు సంగతి వినండి. దాన్ని మీరు...”

ఆవిడ వినలేదు. ఠక్కున పెట్టేసి, మళ్లీ చేసి, పై అధికారిని పిలిపించుకుంది. కాగితం చూసి చదివే మనుషుల్ని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి జనం ప్రాణాలు తోడుతున్నారని కడిగేసింది. అధికారి క్షమాపణ చెప్పుకుని, మర్నాడు సాయంత్రానికి మెకానిక్ వస్తాడన్నాడు.

ఫ్రీజర్‌లో మాత్రం మంచు రాయిలా ఉంది. మూడు సీసాలనూ అందులోకి తోసి, గండం గడిచిందనుకుని బడికి పరుగెత్తింది.

మర్నాడు పొద్దున, పాప సంచీలో ఉండే, వాడుతున్న పాత ఇన్సులిన్ సీసా అడుగంటింది.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. ఎఫ్ వన్ అంటే ఏమిటో చిన్న పుస్తకంలో చూసి, ఆ భాగం మార్చాడు. ఫ్రిజ్ మళ్లీ కుయ్‌మంది. మొదట ఏ కోడ్ వచ్చిందమ్మా అని అతనూ అడిగాడు. ఆవిడ వినబడనట్టు గడియారం వైపు చూసింది.

వంటింటి గుమ్మంలో పాప ఆకలి, ఆకలి అంటోంది. ఇంజెక్షన్ పడకుండా అన్నం పెట్టడానికి లేదు. టీచరు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతోంది.

మెకానిక్ లోపలి వెనక రేకు విప్పడానికి ఫ్రీజర్ ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. సీసాలు చేతికి తగిలాయి.

“ఇవేంటమ్మా?”

“పాప ఇన్సులిన్. ఇలా ఇవ్వండి, ఒకటి కరిగించి వెయ్యాలి.”

అతను ఇవ్వలేదు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఫోన్ తీశాడు.

“మాస్టారూ, ఆ ఇల్లు దొరికింది. నాకే పడింది. రాగానే అడగాల్సింది, పనిలో పడి మర్చిపోయాను.” అవతలి ప్రశ్న విని, గొంతు తగ్గించాడు. “ఫ్రీజర్‌లోనే పెట్టారు.”

అవతలి మనిషి చెప్పిందంతా విని ఆవిడకు చెప్పాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. వేసినా వేయనట్టే, దాన్ని నమ్మి అన్నం పెడితే పాప ప్రాణం మీదికొస్తుంది. కొత్త సీసా తెచ్చుకోవాలి. ఎండ తగలని చోట పెడితే ఫ్రిజ్ లేకున్నా కొన్నాళ్లు ఉంటుంది. ఫ్రిజ్ సంగతంటారా, పైన మంచు గట్టిగా ఉండి కింద చల్లదనం లేదంటే లోపలి ఫ్యాన్‌కు మంచు పట్టేసినట్టే. ప్లగ్గు తీసి, తలుపులు బార్లా తెరిచి ఒక రోజంతా వదిలేస్తే కరిగిపోతుంది.

టీచరు సందు చివరి మందుల షాపుకు పరుగెత్తి, కొత్త సీసాతో వచ్చింది. పాపకు ఇంజెక్షన్ వేసి, అన్నం పెట్టింది. కూతురు నాలుగు ముద్దలు తిన్నాక గాని ఆవిడకు ఊపిరాడలేదు.

“ఆయనెవరండీ?” అని అడిగింది.

“మాకందరికీ పని నేర్పిన మాస్టారమ్మా. ఈ కోడ్‌ల పుస్తకం రాసిందీ ఆయనే. నడుం దెబ్బతిన్నాక ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు.”

“ఆఫీసుకు చేస్తే దొరుకుతారా? ఒక్క మాట చెప్పుకోవాలి.”

“దొరకరమ్మా. నిన్న ఎవరో ఆయన మీద గట్టిగా ఫిర్యాదు చేశారట, సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు.”

మెకానిక్ పనిముట్లు సంచీలో సర్దుకుంటూ మామూలుగానే చెప్పాడు.

“మీ అడ్రసేమో ఆఫీసు కంప్యూటర్లో ఉండిపోయింది కదా, అందుకని పొద్దున్నించీ మా పదకొండు మందికీ ఫోన్ చేసి, పాప ఇన్సులిన్ ఉన్న ఇల్లు ఎవరికి పడిందో చూడండిరా అని బతిమాలుతూనే ఉన్నారు.”