వంకర చెట్లు

“తాతా, జర పక్కకు జరుగు. ఫోటోల పడుతున్నవ్.”

ధన్నూర రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చున్న తెల్లమీసాల ముసలాయన నవ్వి, లేచి జరిగాడు.

స్మితకు బీదర్‌లో ఫోటో స్టూడియో. పొద్దస్తమానం ఆధార్ ఫోటోలే. ఊళ్లో సగం మొహాలు ఆమె కెమెరాలో ఉన్నాయి, ఒక్కటీ నవ్వదు.

కెమెరా మీదే విసుగు పుట్టిన రోజుల్లో ఓ వంకర చింతచెట్టు ఆమెను ఆపేసింది. ఆనాటి నుంచి ఆదివారమొస్తే వింత చెట్ల వేటే.

ఇప్పుడు ప్రదర్శన పెట్టుకునే అవకాశం వచ్చింది. పన్నెండు ఫోటోలు కావాలి, ఉన్నవి ఏడు. రేపే గడువు. ఇది చేజారితే మళ్లీ ఆధార్ ఫోటోలే గతి.

ఈ వేప నడుం దగ్గర మడతపడి, పక్కకు సాగి, మళ్లీ పైకి లేచింది.

“తీగలు పడకుండ తీస్తున్నవా బిడ్డా?”

“కరెంటు తీగలు పడితే ఫోటో ఖరాబైతది తాతా.”

“తీగ లేకుంటే చెట్టెందుకు వంగిందో ఎట్ల తెలుస్తది?”

ఈయనకు ఫోటోల సంగతేం తెలుసులే అనుకుంది స్మిత.

“ఇసొంటియి ఇంకేమన్న ఉన్నయా?”

“ఖటక్ చించోళి తొవ్వల నాలుగున్నయి. రా, చూపిస్త.”

స్కూటీ వెనక కూర్చుని దారి చెప్పాడు. ప్రతి చెట్టు దగ్గరా దిగి, మొదలును అరచేత్తో తడిమాడు. చాదస్తం అనుకుంది. పని కాగానే ఆయన్ను రోడ్డు మీద దించి వచ్చేసింది. పేరైనా అడగలేదు.

నెల తిరిగేసరికి ప్రదర్శన. జనమంతా ఆ ఐదు ఫోటోల ముందే. ‘ప్రకృతి చెక్కిన బొమ్మలు’ అని కింద తనే రాసింది. గుల్బర్గాలోనూ పెట్టమని పిలుపొచ్చింది. స్మిత కాలు నేల మీద నిలవలేదు.

సాయంత్రం భీమ్‌రావ్ వచ్చాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఫోటోల ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

“ఇవి మా సిద్దప్ప చెట్లమ్మా.”

“తెల్లమీసాల తాతనా? ఏడుంటడు? ఆయనకు ఇవి చూపించాలె.”

“పోయిన సోమవారమే కాలం చేసిండు.”

అయ్యో అనుకుంది స్మిత. ఒక్క వారం ముందు వెళ్లుంటే ఎంత బాగుండేది.

“బాధపడకమ్మా. కొల్హార్ తొవ్వల ఆయన తాళ్లు కట్టిన లేత చెట్లు ఇంక ముప్పై ఉన్నయి. ఇప్పుడు నేను చూసుకుంటున్న. వచ్చి ఫోటోలు తీసుకో.”

“చెట్లకు తాళ్లెందుకన్నా?”

“తీగల కింద మొలిచిన చెట్లు నరకనీకె మా ఆఫీసోళ్లు పెట్టుకున్న కూలి ఆయన. నలభై ఏండ్లు, నరకమన్న ప్రతి చెట్టును లేతగున్నప్పుడే తాళ్లేసి పక్కకు వంచి, తీగకు తగలకుండ పెంచిండు.”