దాలమ్మ సొంత జవాబు

ఇప్పుడు సర్వేలకు మనుషులు జవాబు చెప్పరు. ప్రతి గుమ్మానికీ ఒక జవాబు పెట్టె ఉంది. ఇంటివాళ్ల తరఫున అదే మాట్లాడుతుంది.

నేను బడిలో పంతులు ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో సోషియాలజీ ఎం.ఏ. చదువుతున్నాను. పరిశోధనకు నలభై ఇళ్లు కావాలి.

"పెట్టెలనడిగితే పది నిమిషాల పని మాస్టారూ. ఇలా తిరిగితే గడువు దాటి డిగ్రీ పోతుంది," అన్నారు గైడు సుభాషిణి గారు ఫోన్లో.

"పోనీండి," అన్నాను.

నా భార్యకు గుండెనొప్పి వచ్చిన రోజు, మా పెట్టె ఆరోగ్య కార్యకర్తతో "అందరూ కులాసా" అని చెప్పి పంపేసింది. మర్నాడు నా భార్య పోయింది. ఆ మాట పెట్టెకు నేర్పింది నేనే. దాన్నీ క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు.

ఆదివారం పలాసలో, జీడిపిక్కలు కొట్టే దాలమ్మ ఇంటికి వెళ్లాను.

"దాలమ్మకు ఏ ఇబ్బందీ లేదు," అంది పెట్టె.

"ఆమెనే చెప్పమను."

ఎండలో గంట నిలబడ్డాక తలుపు తెరుచుకుంది.

"యెల్లవేటి బాబూ? పెట్టె సెప్పింది గదా!"

"నీకు ఇబ్బంది లేదంది. నిజమేనా?"

జీడి నూనెకు తోలూడిన వేళ్లు నా ముందు చాపింది. "దానికీ సేతులుంటే తెలిసేది. రాసుకో."

అంతా రాసుకున్నాను. ఇంకా ముప్పై తొమ్మిది ఇళ్లున్నాయి. పక్కింటి గుమ్మం ముందుకు వెళ్లి నిలబడ్డాను.