పుర్రె ఆరేసిన రోజు

“బట్టల పక్కన పుర్రె ఆరేస్తారా ఎవరైనా? అదీ శనివారం పూట!” ఉదయశ్రీ గొంతు తగ్గేలా లేదు.

“ఆంటీ, అది నిజం పుర్రె కాదు. ప్లాస్టరుతో చేసిన నకలు. రంగు ఇంకా ఆరలేదని...” కావ్యశ్రీ మూడోసారి చెప్పింది.

“నకలైతే మాత్రం? ఎదురింటావిడ చూసి కెవ్వుమంది. లిఫ్టు దాకా వినబడింది!”

“రిలాక్స్ లా, మమ్మీ. సో క్యూట్!” అంది పదిహేనేళ్ల యోగిత లోకల్ యాసలో, పుర్రెకు తన కళ్లజోడు పెట్టి.

వెంకటరావు పేపరు మడిచాడు. “కావ్యా, ఇల్లు మా అమ్మ పేరు మీదుంది. నిన్ను ఉంచాలో పంపాలో అమ్మే చెబుతుంది.”

కావ్యశ్రీ ఎముకల మీద రాస్తున్న థీసిస్‌కు మూడు నెలలే గడువు. గది అద్దెకిచ్చేవాళ్లు ముందుగానే ‘వంట చెయ్యకూడదు’ అనే ఊళ్లో, ఇంగువ తాలింపు పెట్టుకోనిచ్చే గది ఇదొక్కటే. సెరంగూన్ పేటంతా గాలించినా ఇంకోటి దొరకదు.

కుమారమ్మకు ఎనభై రెండేళ్లు. తాతల నాడు విశాఖలో ఓడెక్కి ఈ దేశం వచ్చిన కుటుంబం. కాళ్లు బల్ల మీదకు చాపుకుని, పుర్రెను ఇటు తెమ్మని సైగ చేసింది.

“ఇదెవరే పిల్లా?”

“రెండు వేల ఏళ్ల కిందట ఇటలీలో అగ్నిపర్వతం పేలింది, బామ్మగారూ. సముద్రపొడ్డుకు పరిగెత్తి, పడవలు పెట్టుకునే కొట్టాల్లో దాక్కున్నవాళ్లలో ఒకావిడ.”

“ఎలాగ పోయింది?”

“అత్తయ్యా! మకాన్ వేళ, అన్నం ముందు ఈ మాటలేంటి? కూర చల్లారిపోతోంది!”

“చల్లారనీ. నువ్వు చెప్పవే.”

“కాలుతున్న బూడిద మేఘంలా వచ్చి మీద పడింది. ఒక్క క్షణంలో పోయారని కొందరంటారు, ఊపిరాడక కాసేపు కొట్టుకుని పోయారని కొందరంటారు. నేను తేల్చాల్సింది అదే. ఎముక రంగూ పగుళ్లూ చూస్తే ఎంత వేడి తగిలిందో తెలుస్తుంది.”

“చిలగడదుంప కాలిందో లేదో తొక్క చూసి చెప్పినట్టు!”

“అచ్చం అలాగే.”

“మరి పూర్తిగా బూడిదైపోతే?”

“అప్పుడు ఏమీ తెలీదండీ. ఎముక మిగలాలి.”

కుమారమ్మ పుర్రెను ఒళ్లోకి తీసుకుంది. “ఎలాగ పోయిందో సరే. ఎలాగ బతికిందో తెలుస్తుందా?”

కావ్యశ్రీ గైడు కూడా ఎప్పుడూ అడగని ప్రశ్న అది. “తెలుస్తుందండీ. ఈవిడ మోకాళ్లు అరిగిపోయాయి. అడుగు తీసి అడుగు వేస్తే నొప్పే.”

“వయసంతే అని కొట్టిపారెయ్యలేదా మీరు?”

“ఎముక అబద్ధం చెప్పదు కదండీ.”

“మళ్లీ మోకాళ్ల దగ్గరికొచ్చావా, అమ్మా!” వెంకటరావు విసుక్కున్నాడు. “నాలుగడుగులు నడిస్తే అదే పోతుందని చెప్పాంగా.”

కుమారమ్మ కొడుకు మాట విననట్టే ఉంది. “ఎక్కడ పెడతారే వీళ్లని?”

“ఏసీ గదిలో. ఒక్కొక్కరికీ ఒక పెట్టె.”

“పక్కవాళ్లతో కలిపెయ్యరు కదా?”

“అయ్యో, లేదండీ.”

“ఎప్పుడైనా తీసి చూస్తారా?”

“రోజూ చూస్తాం.”

“రోజూనా!” కుమారమ్మ పెద్దగా నిట్టూర్చింది.

ఒక్కో ప్రశ్నా ఒక్కో నేరారోపణలా తగిలింది కావ్యశ్రీకి. మనసులో అప్పుడే సూట్‌కేసు సర్దేసుకుంది. పోపుడబ్బా ఎందులో పట్టించాలా అని ఆలోచిస్తోంది.

“చెప్పమ్మా, ఏం చేద్దాం?” అన్నాడు వెంకటరావు. ఉదయశ్రీ గరిటె పక్కన పెట్టి వచ్చి నిలబడింది. యోగిత సైతం ఫోను పక్కన పెట్టింది.

కుమారమ్మ పుర్రెకున్న కళ్లజోడు తీసి, దాని నెత్తిన ఒకసారి నిమిరి, అందరికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది.

“నేను పోయాక నన్ను కాల్చకండి, ఈ పిల్లకిచ్చెయ్యండి.”