చప్పుడు బంద్

"మల్ల మొదలువెట్టినవా అవ్వా?" అన్నాడు ఉపేందర్, ఎమర్జెన్సీ వార్డులో తల్లి మంచం పక్కన నిలబడి. "నా బామ్మర్ది ఇంట్ల దావత్ అంటె చాలు, నీకు దమ్ము ఆడదు."

పోశవ్వ ఏదో చెప్పబోయింది. మాట సగంలోనే తెగిపోయి రొమ్ము ఎగసిపడింది. ఉపేందర్‌కు అది కూడా వేషంలాగే కనిపించింది. కొత్త చొక్కా నలగకుండా సవరించుకుంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నర్సు భారతి పోశవ్వ వేలికి క్లిప్పు తగిలించింది. దాని తీగ మంచం తలాపున ఉన్న మిషన్‌లోకి పోయింది.

"బీపీ జర తక్కువున్నది. నాడి, ఆక్సిజన్ ఈ మిషన్ల కనవడ్తయ్. నంబర్ పడిపోతె లోపల ఐసీయూకు తీస్కపోతం. మంచిగుంటె బయట వరండాల కూసోవెట్టుడే. రఘునాథపల్లి కాడ బస్సు బోల్తా కొట్టింది, లోపల ఒక్కటే మంచం ఖాళీ ఉన్నది. క్లిప్పు మాత్రం తియ్యకుండ్రి."

"ఐసీయూ ఎందుకు సిస్టర్? అంత యాక్టింగే," అన్నాడు ఉపేందర్. భారతి అప్పటికే అవతలి మంచం దగ్గరికి పరుగెత్తింది.

ఏళ్ల తరబడి మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి పోశవ్వ వేళ్లు పగుళ్లు బారాయి. క్లిప్పు ఆ పగుళ్ల మీదే నొక్కుతోంది. ఆమె పీకేసింది. మిషన్ కూత పెట్టింది. కోడలు దీప మళ్లీ తగిలించింది. మళ్లీ పీకేసింది, మళ్లీ కూత.

"నొస్తాందే దీపా," అని మూలిగింది పోశవ్వ.

"ఇన్నేండ్లు నూలు కోస్తె నొయ్యలేదు గని, గీ ప్లాస్టిక్ ముక్క నొస్తాందా?" అన్నాడు ఉపేందర్.

అంతలో అతని ఫోన్ మోగింది. కాజీపేట నుంచి బావమరిది.

"దీపా, ముందుగాల ఆ చప్పుడు బంద్ చెయ్. చెవులు పల్గుతానయ్," అని కసిరి, కిటికీ వైపు నడిచాడు. "ఆఁ, వస్తానం ఉమాకాంత్. ఏం లేదు, మా అవ్వ నాటకం షురువైంది. గంతే. బోటి కూర అయిపోనియ్యకు."

చప్పుడు ఆగిపోయింది.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి పోశవ్వ కళ్లు మూసుకుని ఉంది. ఆమె మీద దుప్పటి కప్పి, దాని కింద చెయ్యి దూర్చి దీప పక్కనే కూర్చుంది. అత్త చెయ్యి నిమురుతోంది కాబోలనుకున్నాడు. ఒళ్లు మండింది.

"నువ్వే నెత్తికెక్కిచ్చుకుంటానవ్ ఆమెను."

భారతి వచ్చింది. చేతుల నిండా సెలైన్ సీసాలు, చూపు మిషన్ మీద.

"తొంభై ఎనిమిది. నాడి గూడ మంచిగనే ఉన్నది. ఈమెను వరండాల కూసోవెట్టుండ్రి." అవతలికి తిరిగి కేకేసింది. "లోపలి మంచం బస్సాయనకు ఇచ్చెయ్యిండ్రి."

ఉపేందర్ మొహం విప్పారింది. తల్లి మీదికి వంగాడు.

"మనుషులను మోసం చేస్తవ్ గని, మిషన్‌ను చేస్తవా అవ్వా?"

పోశవ్వ కళ్లు తెరవలేదు.

"చూసినవా దీపా, దొర్కిపోయినంక నోరు మూతవడ్డది. లేపు ఇగ, పోదాం."

"ఆగుండ్రి, క్లిప్పు తీస్త," అంటూ భారతి దుప్పటి కిందికి పోయిన తీగ పట్టుకుంది.

దీప తన చెయ్యి బయటికి తీసి, క్లిప్పు ఉన్న వేలు ఆమె ముందుకు చాపింది.

"ఇగో సిస్టర్. అత్తమ్మకు నొస్తాందని, చప్పుడు బంద్ కావాలని, నేనే వెట్టుకున్న."